ఎనిమిది నిమిషాల సముద్రం

ఆమె పొద్దున్నే లేచి నాలుగు గుడ్లు ఉడకబెట్టింది. రొట్టె, పళ్లు, మంచినీళ్ల సీసా సంచిలో సర్దింది. కూనిరాగం తీస్తూ గొడుగు దులిపింది.

డ్రైవరు మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. సెలవు రోజున సముద్రానికి వెళ్లేవాడి ముఖంలా లేదు అతని ముఖం. పన్ను పీకించుకోడానికి వెళ్లేవాడి ముఖంలా ఉంది.

"బూట్లు వద్దు, చెప్పులేసుకోండి. ఇసుకలో బూట్లు బరువని మీరే చెప్పారుగా," అంది భార్య.

ఎప్పుడు చెప్పాడో గుర్తు లేదు. చెప్పే ఉంటాడు. సముద్రం గురించి అతను చెప్పనిదేముంది గనక.

తొమ్మిదేళ్లుగా అతను నడిపేది ఒకే రూటు బస్సు. ముందు బోర్డు మీద 'సముద్ర తీరం' అని ఉంటుంది. పెళ్లయిన వారానికి ఆమె అడిగింది, "అయితే మీరు రోజూ సముద్రం చూస్తారా?" అని. కొత్త పెళ్లాం అలా అడిగితే కాదనే మగాడెవడు? "చూడ్డమేంటి, ట్రిప్పు ట్రిప్పుకీ కాళ్లు కడుక్కుని మరీ బస్సెక్కుతా," అనేశాడు.

అసలు సంగతేమిటంటే, బస్సు ఆగేది చేపల మార్కెట్ వెనక. అక్కణ్ణుంచి సముద్రం కనబడదు. మళ్లీ బయలుదేరడానికి ఉండేది ఎనిమిది నిమిషాలు. సంతకం, టీ, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. తొమ్మిదో నిమిషంలో టైమ్‌కీపరు ఈల వేస్తాడు. సెలవు రోజున మళ్లీ అదే బస్సెక్కి పోవడానికి ఒళ్లు ఒప్పుకోదు. అలా తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా డ్రైవరు సముద్రం చూడలేదు. అతనికి తెలిసిందల్లా తిరిగొచ్చే జనం బస్సులో రాల్చే ఇసుక, వాళ్ల తడి బట్టల వాసన.

ఆ ఇసుకతోనే కథలల్లాడు. భోజనాల దగ్గర ఆమె కళ్లు పెద్దవి చేసుకుని వినేది. ప్రశ్నలు కూడా వేసేది.

"అలలు ఎడమ నుంచి వస్తాయా, కుడి నుంచా?"

"ఎడమ నుంచి. ట్రాఫిక్ లాగే."

"మధ్యాహ్నం కూడానా?"

"మధ్యాహ్నం కాసేపు ఆగుతాయి."

ఆమె తలూపి, గిన్నెలు తీసుకుని గబగబా వంటింట్లోకి వెళ్లిపోయేది. ఇంట్లో అతనికున్న గౌరవమంతా ఆ సముద్రం మీదే నిలబడింది.

సెలవులు కలవక ఇన్నాళ్లూ గుట్టు దాగింది. ఆమె పనిచేసే లాండ్రీకి బుధవారం సెలవు, అతనికి శుక్రవారం. ఈ గురువారం లాండ్రీలో బాయిలరు చెడింది. ఇంకేముంది, శుక్రవారం ఇద్దరూ ఇంట్లోనే.

"ఇవాళ మీ సముద్రం నాకూ చూపించండి," అంది ఆమె. మీ సముద్రం అన్న మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది.

బస్సెక్కితే తోటి డ్రైవరు అద్దంలోంచి పలకరించాడు. "ఏంటి గురూ, సెలవునాడు కూడా సముద్రమేనా?"

ఆమె ముసిముసిగా నవ్వింది. అతను సీట్లో ఇంకాస్త కిందికి జారాడు. తలనొప్పి అని చెప్పి వెనక్కి తిప్పేద్దామా అనుకున్నాడు. సంచిలో గుడ్లు గుర్తొచ్చి నోరు రాలేదు.

ఆఖరి స్టాపులో దిగారు. అక్కడి గోతులన్నీ అతనికి తెలుసు. టైమ్‌కీపరు దగ్గు కూడా తెలుసు. ఎదురుగా ఉన్న మూడు సందుల్లో సముద్రానికి పోయేది ఏదో మాత్రం తెలీదు.

రొమ్ము విరుచుకుని ఎడమ సందులోకి నడిచాడు. అది లారీల షెడ్డు దగ్గర ఆగిపోయింది. దగ్గరి దారి మూసేసినట్టున్నారంటూ వెనక్కి తిరిగి, కుడి సందు పట్టాడు. అది ఐసు ఫ్యాక్టరీ గోడకి తగిలింది. ఆమె సంచి మోసుకుంటూ వెంట వచ్చింది.

గోడ ముందు నిలబడిపోయాడు. రోజుకి వందల మందిని దిగాల్సిన చోట దించేవాడు, కట్టుకున్న మనిషిని రెండు సందులు దాటించలేకపోయాడు.

"నేను సముద్రం ఎప్పుడూ చూడలేదు," అన్నాడు గోడ వైపే చూస్తూ. "ఒక్కసారి కూడా. నీకు చెప్పినవన్నీ అబద్ధాలే."

ఆమె సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాడు. భూమి చీలితే అందులోకి దూరిపోదామనిపించింది.

"మరి ఎందుకు చెప్పలేదు?" అంది మెల్లగా.

"మొదటి వారమే చెప్పాల్సింది. రెండో వారానికి నోరు రాలేదు. ఆ తర్వాత, నువ్వంత ఇష్టంగా వింటుంటే ఎలా చెప్పను?"

"సరే పదండి. ఇప్పుడు చూద్దురుగాని."

ఆమె గొడుగు విప్పుకుని ముందు నడిచింది. అతను తల దించుకుని వెనక నడిచాడు. ఆమె మడమలు తప్ప ఇంకేమీ చూడలేదు. మిగిలిన మధ్య సందు దాటారు, నాలుగు మెట్లు దిగారు. చెప్పుల్లోకి ఇసుక వచ్చాక తలెత్తాడు.

ఎదురుగా సముద్రం. అలలు ఎడమ నుంచీ రావడం లేదు, కుడి నుంచీ రావడం లేదు. తిన్నగా అతని మీదికే వస్తున్నాయి. బాగుందని అనుకోవడానికి కూడా అతనికి మొహం చెల్లలేదు. పాపం, ఎంత అమాయకురాలిని ఇన్నేళ్లు మోసం చేశాను అనుకున్నాడు. ఇంకెప్పుడూ ఈమె దగ్గర అబద్ధమాడకూడదని మనసులోనే ఒట్టు పెట్టుకున్నాడు.

అంతలో చాపలు అద్దెకిచ్చే ఆవిడ చంకలో చాపతో వచ్చింది. అడగకుండానే నీడ చూసి పరిచింది. డ్రైవర్ని ఎగాదిగా చూసి, అతని భార్య వైపు తిరిగింది.

"ప్రతి బుధవారం ఇదే చాప మీద కూర్చుని నువ్వు కబుర్లు చెబుతుంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటామే అక్కా, ఆ సముద్రం బావగారు ఈయనేనా?"