ఈజీ బాట

ట్రెక్కింగ్‌కు వచ్చిన సుకన్య ఫొటో కోసం ఒకదానిమీదొకటి పేర్చిన రాళ్లను గుట్ట కింది ఊరి ఎల్లస్వామి ఒక్క తన్ను తన్నాడు.

"ఏంది కాకా నీ జులుం? అరగంట కూసొని పేర్చిన!"

"ఈ రాళ్లు ఏడికెళ్లి పీకినవ్?"

"బాటల నుంచే. ఈజీ బాటనే గదా, నాలుగు రాళ్లు తీస్తే ఏమైతది?" సుకన్య ఒక రాయిని మళ్లీ రెండు చేతులా ఎత్తింది.

"ఈజీ ఊకెనే అయిందా? నిరుడు నా పెండ్లాం ఈడనే జారిపడి కాలిరిగింది. అప్పట్నుంచి ఒక్కో మెట్టు నేనే పాతిన!"

"రాళ్లకు గింత లొల్లా?"

ఎల్లస్వామి పైకి చూసి గావుకేక పెట్టాడు.

"చిలుకా, ఆగవే!"

అతని భార్య గుట్ట దిగుతోంది. నెత్తిన కట్టెల మోపుతో కిందికి చూసే వీల్లేదు. ఆమె పాదం రోజూ ఉండే మెట్టు కోసం గాలిలో తడుముతోంది.

ఆ మెట్టు సుకన్య చేతుల్లో ఉంది.