బుగ్గల పాఠం

“టీచర్, ఆ తాత మనల్ని వెక్కిరిస్తున్నాడు!”

లిడియా అరుపుకి ఉషశ్రీ వెనక్కి తిరిగింది.

కొల్లేటి గట్టు మీద, మెడకు కండువా చుట్టుకున్న ముసలాయన ఒకడు నిలబడ్డాడు. బుగ్గలు లోపలికి పీల్చుకుని, పిల్లల వంక కళ్లు పెద్దవి చేసి చూస్తున్నాడు.

భీమడోలు హైస్కూలు ఎనిమిదో తరగతి మొత్తం కిసుక్కున నవ్వింది.

ఉషశ్రీకి ఒళ్లు మండింది. అసలే పాఠం సాగడం లేదు.

పడవ నడిపే ఎలీయాజరు నీళ్లలోంచి తీసిచ్చిన నాచులాంటి తీగ ఆమె చేతిలో ఉంది. పైన పసుపు పూలు. కింద ఆవగింజంత తిత్తులు. పురుగుల్ని తినే మొక్క.

“తిత్తిలోకి కీటకం ప్రవేశించగానే మూత పడుతుంది. పిమ్మట జీర్ణరసాలు స్రవిస్తాయి...”

పిల్లలు ఆవలించారు.

ఇదే పాఠం తను ఆరో తరగతిలో విన్నది. ముదినేపల్లి బడిలో, మధ్యాహ్నం రెండింటికి, రేడియోలో. మొక్కల మావయ్య చెబుతుంటే అరవై మంది ఊపిరి బిగబట్టారు. సైన్సు టీచరు కావాలని ఆ రోజే అనుకుంది.

ఆయన పేరు తెలియదు. ముఖం తెలియదు. ఆ గొంతు ఇంకొక్కసారి వినాలని రేడియో వాళ్లకి ఉత్తరాలు రాసింది. ఏలూరులో పాత కేసెట్ల కొట్లన్నీ తిరిగింది. దొరకలేదు.

ఇవాళ ఆ గొంతుంటే ఈ పిల్లలు ఆవలించేవాళ్లా?

“ఏవండీ, ఆయన్ని కాస్త అవతలికి వెళ్లమనండి” అంది ఎలీయాజరుతో.

“మాట రాదండి ఆయనకి. రోజూ వచ్చి కూర్చుంటారు. ఎవర్నీ ఏమీ చెయ్యరండి.”

ఈలోగా ముసలాయన దగ్గరకు వచ్చేశాడు. గడ్డిపరక తుంచి లిడియా చేతిలో పెట్టాడు. తన మీసం చూపించి, తాకమని సైగ చేశాడు. బుగ్గలు మళ్లీ లోపలికి పీల్చుకున్నాడు.

లిడియా భయం భయంగా తాకింది.

తాత నోరు టక్కున తెరుచుకుంది. బుగ్గలు బూరెల్లా పొంగాయి. గడ్డిపరక కొస లోపల. పెదవులు బిగుసుకున్నాయి. అంతా రెప్పపాటులో!

తర్వాత కళ్లు మూసుకుని, తాపీగా పొట్ట నిమురుకున్నాడు. బుగ్గలు మెల్లమెల్లగా లోపలికి పోయాయి. మళ్లీ మీసం చూపించాడు.

“నేను, తాతా! నేను!”

పిల్లలు గడ్డి పీక్కుని ఎగబడ్డారు.

“చాలు! ఇదేమన్నా సర్కసా? పడవెక్కండి!”

ఉషశ్రీ పులిహోర పొట్లం ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది.

“ఇది తిని వెళ్లండి తాతగారూ. క్లాసు జరుగుతోంది.”

ఆయన రెండు చేతులా అందుకున్నాడు. ఏదో చెప్పబోయినట్టు పెదవులు కదిపాడు. తల ఊపి, దూరంగా వెళ్లి కూర్చున్నాడు. పడవ మలుపు తిరిగేదాకా అటే చూస్తూ ఉన్నాడు.

మూడు వారాలకి యూనిట్ టెస్టు.

నాలుగో ప్రశ్న: తిత్తుల మొక్క ఎరను ఎలా పట్టుకుంటుంది?

ఉషశ్రీ తలెత్తి చూసింది.

నలభై మందీ బుగ్గలు లోపలికి పీల్చుకుని రాస్తున్నారు.

ఆ సాయంత్రం పేపర్లు దిద్దింది. వెనక బెంచీ లోకేష్ కూడా తప్పు రాయలేదు.

“తిత్తి తనలో నీళ్లు బయటికి తోడేసి, బుగ్గలు పీల్చుకుని కాచుకుంటుంది. మూత మీద మీసాలుంటాయి. పురుగు తాకగానే మూత లోపలికి తెరుచుకుంటుంది. నీళ్లతో పాటు పురుగు కూడా లోపలికి పోతుంది. మూత పడిపోతుంది. తర్వాత రసాలతో నెమ్మదిగా అరిగించుకుంటుంది. నీళ్లు తోడేసి మళ్లీ కాచుకుంటుంది.”

ఇందులో సగం తను చెప్పనే లేదు.

ఆదివారం ఉషశ్రీ కొల్లేటికి వెళ్లింది.

“ఆ తాతగారు ఏరండీ? మా స్కూలుకి తీసుకెళ్దామని వచ్చాను.”

ఎలీయాజరు గెడ కింద పెట్టాడు.

“లేరండి. పోయి పది రోజులైంది.”

ఉషశ్రీ గట్టు మీద కూర్చుండిపోయింది.

“వాళ్లమ్మాయి గారు అస్థికలు గోదాట్లో కలిపి, పిడికెడు ఇక్కడికీ తెచ్చారండి. నా పడవలోనే వెళ్లాం. మీ పిల్లలొచ్చిన రోజు ఆయన ఇంటికెళ్లి కాగితం మీద రాసి చూపించారంట, ‘ఇవాళ పాఠం చెప్పాను’ అని. అన్నం కూడా తినలేదంట ఆ సంతోషంలో.”

“పాఠమా? ఆయన మాస్టారా?”

“నాకూ అప్పుడే తెలిసిందండి. ఆపరేషన్లో గొంతు తీసెయ్యక ముందు ఆయన రేడియోలో చెప్పేవారంట, మొక్కల మావయ్య అని.”