బాప్తిస్మపు గౌను

పెద్దకోడలు ఇస్త్రీపెట్టె వేడిని పూర్తిగా పెంచింది. సంఘానికి ఉన్న బాప్తిస్మపు గౌను ఇదొక్కటే. ఇది కాలిందంటే రేపు తోడికోడలి బాప్తిస్మపు సంబరం బుగ్గిపాలే! అత్తగారికి పొద్దస్తమానం చిన్నకోడలి జపమే మరి. పాడినా చిన్నదే, నవ్వినా చిన్నదే.

పెట్టె గౌనును తాకబోతుండగా చిన్నకోడలు గదిలోకి వచ్చింది.

"అక్కా, నువ్వూ ఈ గౌనే వేసుకున్నావటగా? నీళ్ళలో మునిగినప్పుడు ఏమనిపించింది?"

"నాలోని పాత మనిషి చచ్చిపోయి, క్రీస్తుతో కలిసి నేను లేచినట్టనిపించింది," అంది పెద్దకోడలు అలవాటుగా.

"మరి ఆ పాత మనిషి మళ్ళీ రాదా?"

పెద్దకోడలు చేతిలోని పెట్టె వైపు చూసింది. 'ప్రభువా, నా వల్ల కాదు, నువ్వే ఆపు' అనుకుంది. పెట్టెను పక్కన నిలబెట్టి స్విచ్చి కట్టేసింది.

"వస్తుందే. ఇప్పుడే వచ్చింది. నాలో ఉన్నాయన ఊరుకోలేదు కాబట్టి నీ గౌను బతికిపోయింది."