తయారై వచ్చిన పేజీ

"ఏం చేసినవ్ సరోజనా? ఒకరి రిపోర్టు ఇంకొకరికి పోతున్నదట!"

జనగామలో రక్తపరీక్షల ల్యాబు నడిపే కైలాసం ఫోన్‌లో అరిచేసరికి సరోజన గుండె జారిపోయింది. ఆ ల్యాబు వెబ్‌సైటు చేసింది ఆమే.

"ఎవరికి పోయిందన్నా?"

"బచ్చన్నపేట భిక్షపతికి. ఆటో నడుపుతడు. జ్వరమని నెత్తురిచ్చి పోతే, ఆయనది రాకముందే ఎవరో ఆడామె రిపోర్టు వచ్చిందట. అండ్ల క్యాన్సర్ అని ఉన్నదట! ఇంకెంతమందికి గిట్ల పోయినయో! నా ల్యాబు మూతపడ్డట్టే, నీ నౌకరి పోయినట్టే."

పుణ్యానికి పోతే పాపం ఎదురైంది. నిన్నటిదాకా జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రాం అంతా ఫోన్‌లోకి దిగాక రోగి ఫోనే పేజీని తయారు చేసుకునేది. పాత ఫోన్లలో చాలాసేపు తెల్ల తెర తప్ప ఏమీ కనిపించేది కాదు. పాపమని, సర్వరే పేజీని తయారు చేసి పంపేలా సరోజన నిన్ననే మార్చింది. ఫోన్‌లో ఎవరి వివరాలు వాళ్లవే. సర్వర్ మాత్రం అందరికీ ఒక్కటే. రాసేటప్పుడు ఒక్క చోట ఏమరినా ఒకరి వివరాలు ఇంకొకరి పేజీలోకి ఎక్కుతాయి. ఆ భయంతోనే మూడుసార్లు సరిచూసుకుంది. అయినా ఇలా జరిగింది! ఏ రోగమూ లేనివాళ్లు అది చదివి అఘాయిత్యం చేసుకుంటే? వెంటనే పాత పద్ధతినే మళ్లీ పెట్టి, భిక్షపతికి ఫోన్ చేసింది.

"అన్నా, ఇప్పుడు మళ్ల తెరువు. పేరు చదవకు. పైన రిపోర్టు నంబర్ ఉంటది, గది చెప్పు చాలు."

"జరాగు చెల్లె... తెల్లగైంది... ఆఁ, వచ్చింది. మళ్ల గదే! నాలుగు వందల పదిహేడు."

పాత పద్ధతిలో ఒకరిది ఇంకొకరికి వెళ్లే వీలే లేదు. సరోజన కైలాసాన్ని కూడా లైన్‌లోకి తీసుకుంది.

"అన్నా, రిజిస్టర్ల 417 ముంగట ఏ ఫోన్ నంబర్ ఉన్నది?"

కైలాసం పుటలు తిప్పి నంబరు చదివాడు.

"అరె, గది నాదే!" అన్నాడు భిక్షపతి.

సరోజనకు పోయిన ప్రాణం లేచొచ్చింది. రిపోర్టు, రిజిస్టర్‌లో రాసి ఉన్న నంబరుకే వెళ్లింది! పట్టలేక నవ్వేసింది.

"విన్నవా కైలాసమన్నా? నా పనిల తప్పు లేదు!"

"ఆఁ, యాదికొచ్చింది," అన్నాడు భిక్షపతి. "పోయిన బుధవారం నా ఆటోల వచ్చిన పెద్దమ్మ ల్యాబుల నా నంబర్ రాయించింది. 'నా ఫోన్ నా బిడ్డ చూస్తది కొడుకా, ఆమెకు తెల్వద్దు. గీ ల్యాబు సైటు చేసింది గూడ ఆమెనే' అన్నది."