స్తంభానికి అవతలి సగం

ఆస్పత్రి వరండా మధ్యలో ఉన్న స్తంభమే మా సరిహద్దు. తుడవాల్సింది ఇవతలి సగం నేను, అవతలి సగం నా జోడీ.

సూపర్‌వైజరు నా సగంలో మరకలు చూపించాడు. "ఏంటమ్మా ఇది? ఆవిడ సగం చూడు, అద్దంలా ఉంది. వారం రోజులు ఆవిడ దగ్గర పని నేర్చుకో."

నిజం నాలుకదాకా వచ్చింది. చెప్పడానిక్కూడా ఓపిక ఉండాలిగా. ఆమెకు నడుంనొప్పి మొదలైన ఈ ఆర్నెల్లూ రెండు సగాలూ తుడిచేది నేనే. పెద్ద డాక్టరు అటునుంచే వస్తారని ముందు ఆమె సగం, తేట నీళ్ళతో. రెండో బకెట్టు మెట్లమీదుగా మోసే శక్తి లేక, నా సగం మిగిలిన మురికినీళ్ళతో.

"నేర్పిస్తాలెండి సార్," అంది నా జోడీ, నడుం పట్టుకుని లేస్తూ.

ఆయన వెళ్ళగానే మళ్ళీ బల్లమీద చతికిలబడింది.

"ఊఁ, కానివ్వక్కా. ముందు నా సగం తుడిచి చూపించు, తప్పులుంటే చెప్తా."