బాగాలేదు, మళ్ళీ రాయి

"బాగాలేదు. మళ్ళీ రాయి," అని టైపు చేసి, ప్రకటనల కంపెనీ యజమాని కుర్చీలో వెనక్కి వాలాడు.

కన్ను మూసి తెరిచేలోగా తెర మీద కొత్త ప్రకటన ప్రత్యక్షమైంది. 'శబ్దాల సుమధుర లోకానికి స్వాగతం! నిశ్శబ్దానికి వీడ్కోలు, నవజీవితానికి నాంది!'

యజమాని తల పట్టుకున్నాడు. వినికిడి మిషన్లు అమ్మే షాపాయన ఇంకాసేపట్లో వచ్చి కూర్చుంటాడు. కిందటిసారి రాసిచ్చిన కాగితాన్ని మడిచి టీ గ్లాసు కింద పెట్టుకున్నాడాయన. ఈసారీ నచ్చకపోతే పక్క వీధి వాళ్ళకి ఇచ్చుకుంటానని చెప్పే వెళ్ళాడు.

"ఏమ్మా, ఇదేనా నువ్వు తెచ్చిన ఏఐ?" అన్నాడు కంప్యూటర్లు చూసుకునే అమ్మాయితో. "పొద్దుట్నుంచీ చెప్తున్నా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది."

"ఏమని చెప్పారు సార్?"

"బాగాలేదని చెప్పా. అస్సలు బాగాలేదని కూడా చెప్పా."

"అలా అంటే దానికేం తెలుస్తుంది సార్? ఏ ముక్క బాగాలేదు, ఎందుకు బాగాలేదు, చదివేదెవరు, అవి చెప్పండి."

"అన్నీ నేనే చెప్తే ఇంక అదెందుకు? ఆ కవీ ఇంతే. ఎన్నేళ్ళు చెప్పినా బుర్రకెక్కలేదు."

కవి అంటే మొన్నటిదాకా ఇక్కడ ప్రకటనలు రాసినతను. ఏఐ వచ్చాక అతన్ని ముందు గదిలో ఫోన్లు ఎత్తడానికి కూర్చోబెట్టారు.

ఇంతలో తెర బిగుసుకుపోయింది. ఏ మీట నొక్కినా ఉలుకూ లేదు పలుకూ లేదు. "చూసొస్తా సార్," అని అమ్మాయి బయటికెళ్ళి, కాసేపటికి తిరిగొచ్చింది.

"ఇప్పుడు రాయండి. జవాబు కాస్త నెమ్మదిగా వస్తుంది."

యజమాని పళ్ళు నూరుతూ మొదలుపెట్టాడు. 'సుమధురం, నవజీవితం తీసెయ్. చదివేది డెబ్బై దాటిన పెద్దాయన. తనకి చెవుడని చచ్చినా ఒప్పుకోడు. ఎదుటివాళ్ళే నోట్లో నోట్లో మాట్లాడుతున్నారంటాడు. మా నాన్న అంతే. అమ్మ గొంతు చించుకుని అరిచేది. గొణక్కుండా చెప్పవే అని ఆయన కసిరేవాడు. ఆఖరికి అమ్మ మాట్లాడ్డమే మానేసింది. అలాంటాయన చదివి నవ్వుకోవాలి, చిన్నబుచ్చుకోకూడదు.'

చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత రెండు ముక్కలొచ్చాయి.

'ఇంట్లో అందరూ గొణుగుతున్నారా? వాళ్ళని విసుక్కోకుండా మా షాపుకి రండి.'

యజమాని ముందుకి వంగాడు. 'మొదటి ముక్క ఉంచు. రెండోది షాపువాడి మాటలా ఉంది. అక్కడ మా అమ్మ కనపడాలి.'

మళ్ళీ ఆలస్యం. మళ్ళీ విసుగు. అప్పుడొచ్చింది.

'ఇంట్లో అందరూ గొణుగుతున్నారా? ఆవిడ మాట్లాడ్డం మానెయ్యకముందే ఓసారి రండి.'

యజమాని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

షాపాయన వచ్చి, చదివి, నవ్వబోయి ఆగిపోయాడు. కాగితాన్ని జాగ్రత్తగా జేబులో పెట్టుకుని, "ఇదే వేయించండి. ముందు మా ఆవిడకి చూపిస్తాను," అని లేచాడు.

ఆయన్ని సాగనంపి వచ్చి, యజమాని హుషారుగా టైపు చేశాడు. 'శభాష్. నీకు ముందు ఇక్కడ ఒకడు రాసేవాడు. ఎంత చెప్పినా వాడికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.'

ఈసారి జవాబు ఇంకా ఆలస్యంగా వచ్చింది.

'ఏఐ ఇందాకే ఆగిపోయింది సార్, ముందు గదిలోంచి రాస్తున్నది నేనే. మీకేం కావాలో నాకు చెప్పడం ఇదే మొదటిసారి.'