తొమ్మిది వందల పన్నెండు పేజీలు

“ఇండ్ల ఉన్నది పోదు గద తమ్మీ?” అని జనార్ధన్ అడిగాడు.

ఫణిభూషణ్ ఆయన తెచ్చిన కంప్యూటర్ డబ్బా మూత విప్పుతున్నాడు. మేడ్చల్‌లో అతణ్ణి ఆ ప్రశ్న అడిగేవాళ్లే లేరు. జవాబు అందరికీ తెలుసు.

అతనిది కొంపల్లిలో కాపురం, మేడ్చల్‌లో కంప్యూటర్ల రిపేరు షాపు. ఏ రోగానికైనా అతనికి తెలిసిన మందు ఒకటే. మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కించడం. ఫొటో స్టూడియో వాళ్ల కంప్యూటర్‌లో నలభై పెళ్లిళ్లు తుడిచాడు. ఆ జంటలు ఇంకా కలిసే ఉన్నాయి గాని, ఫొటోలు లేవు. ఓ ట్యూషన్ మాస్టారు ఏడాదంతా కూర్చుని తయారుచేసిన ప్రశ్నపత్రాలు తుడిచాడు. ఆయన మళ్లీ ఈ గడప తొక్కలేదు. ఊరు ఊరుకోకుండా ‘ఫార్మాట్ ఫణి’ అని పేరు పెట్టింది. బీరువా సర్దుతానంటే భార్య లిఖిత కూడా దగ్గరికి రానివ్వడం లేదు.

ఈ జనార్ధన్ మాత్రం అలియాబాద్ నుంచి వచ్చాడు. పాపం, ఏమీ తెలియదు. ఈ ఒక్క పనైనా సవ్యంగా చేసి పేరు బాగుచేసుకోవాలి. లేకపోతే షాపు మూసుకోవడమే.

“మదర్‌బోర్డు కాలిపోయిందండి. మార్చాలి. లోపల ఏముంది?”

“మా అన్న ఎంకయ్య జీవితచరిత్ర. పదేండ్లు సర్పంచ్ జేసిండు. పొద్దుగాల నాలుగింటికే లేపుతడు. అన్న చెప్తడు, నేను కొడ్త.”

“ఎంతవరకు వచ్చిందండి?”

“తొమ్మిది వందల పన్నెండు పేజీలైంది. ఇంకా నామినేషన్ వెయ్యలే.”

ఫణి చేతులు జోడించినంత పని చేశాడు. అన్న కోసం ఇంత చేసే తమ్ముడిని అతను ఎక్కడా చూడలేదు.

“తెలుగు కొట్టే సాఫ్ట్‌వేర్ సీడీ ఉందా అండి?”

“లేదు. అమ్మినోళ్లు దుకాణం ఎత్తేసి పోయిన్రు. గిండ్ల ఉన్నదే ఉన్నది. గిది పోతే ఇగ తెలుగు కొట్టుడే ఉండది. మా అన్నకు ఇంగ్లీషు రాదు.”

“అయ్యో, పోనివ్వనండి.”

“పోతే మాత్రం చిట్టీ రాసియ్యాలె. మొత్తం పోయింది, మళ్ల రాదు అని. షాపు ముద్ర గూడ గుద్దాలె.”

ఆ మాట ఫణికి గుచ్చుకుంది. తన సంగతి తెలియని మనిషికే ఇంత అపనమ్మకం!

మూడు రోజులు మరో పని ముట్టలేదు. హార్డ్‌డిస్క్ విప్పి, తన కంప్యూటర్‌కు తగిలించి, పేజీలన్నీ కాపీ తీశాడు. తీస్తూ అక్కడక్కడా చదివాడు. ఆరు వందల నలభయ్యో పేజీలో బర్రె ఈనబోతోంది. ఆరు వందల తొంభయ్యో పేజీలో ఈనింది. మధ్యలో ఒక్క అక్షరం తప్పు లేదు. ఏం తమ్ముడు!

పేజీలంటే కాపీ అయ్యాయి. సాఫ్ట్‌వేర్ అలా కాపీకి లొంగదు. ఉన్నచోటే బతకాలి. కొత్త బోర్డు బిగించి స్విచ్ వేశాడు. తెర నీలంగా మారి ఆగిపోయింది. పాత బోర్డుకు అలవాటుపడ్డ విండోస్ కొత్త బోర్డుతో కాపురం చెయ్యనంది.

విండోస్ సీడీ పెట్టాడు. తెర మీద రెండు దారులు కనిపించాయి. ఒక మీట నొక్కితే ఉన్నది ఉన్నట్టుగా మరమ్మతు. ఇంకొకటి నొక్కితే అంతా ఖాళీ. ఏళ్ల అలవాటు, కుడిచేతి వేలు తనంతట తానే ఖాళీ వైపు నడిచింది. ఎడమచేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

“పోయిందా?” జనార్ధన్ ఆత్రంగా అడిగాడు.

“లేదండి. ఇంకా ఉంది.”

అవతల పెద్ద నిట్టూర్పు. “నువ్వేం పరేషాన్ గాకు తమ్మీ. పోతే పోయింది. నిన్ను ఒక్క మాట గూడ అనను.”

ఎంత పెద్ద మనసు! ఫణి కళ్లు తుడుచుకున్నాడు. గండిమైసమ్మకు కొబ్బరికాయ మొక్కుకుని మరమ్మతు మీట నొక్కాడు. గంటసేపు షాపులో ఫ్యాన్ కూడా వెయ్యలేదు. కరెంటు మీద బరువు పడుతుందేమోనని భయం.

నాలుగోనాడు జనార్ధన్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ముఖం పండగలా ఉంది.

“చూసుకోండి,” అన్నాడు ఫణి.

తొమ్మిది వందల పన్నెండు పేజీలూ ఉన్నాయి. తెలుగు సాఫ్ట్‌వేర్ తెరిచి ‘అ’ కొట్టాడు. ‘అ’ పడింది. జనార్ధన్ మొదటి పేజీ చూశాడు. చివరి పేజీ చూశాడు. బర్రె కూడా క్షేమంగా ఉంది.

“ఒక్కటి గూడ పోలేదా?”

“పోలేదండి. ఇక ఎప్పటికీ పోవు. నాలుగు సీడీలు తీశాను. మొదటి పేజీలో అడ్రసు, నంబరు ఉంటే ఒకటి పొద్దున్నే మీ అన్నగారికి పంపించాను. ఫోన్‌లో ఎంత పొంగిపోయారో! రేపు నాలుగింటికి నామినేషన్ మొదలుపెడదాం, తమ్ముణ్ణి తొందరగా పడుకోమనండి అన్నారు.”

జనార్ధన్ స్టూలు మీద కూలబడ్డాడు. సంతోషం పట్టలేకపోతే మనిషి అలాగే అవుతాడని ఫణి మంచినీళ్లిచ్చాడు.

“ఒక్క ఉపకారం చెయ్యండి. అలియాబాద్‌లో నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పండి. ఇక్కడివాళ్లు చెడ్డగా చెబుతారు. మీరు విని ఉండరు.”

జనార్ధన్ గ్లాసు కింద పెట్టి, తెర మీది చివరి పేజీని చూస్తూ అన్నాడు:

“నీకిచ్చిన డబ్బల అచ్చరం ముక్క గూడ మిగలదని పదిమంది ఒట్టేసి చెప్తెనే గదనయ్యా, తొవ్వల నాలుగు షాపులు ఇడిసిపెట్టి నీ దగ్గరకొచ్చిన!”